నోరున్నవాళ్లు

భీమవరం చుట్టుపక్కల పందెం పుంజుకు పేరు పెట్టరు. రంగే దాని పేరు. ఎర్రటిది డేగ, నల్లటిది కాకి, తెల్లటిది సేతువ. ఆపైన నెమలి, పర్ల, మైల, పింగళ. ఏ రంగు ఏ పూట గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం ఉంది. బరిలోకి దిగేదాకా ఆ పుంజుకు జరిగే సేవ చూస్తే కొత్తల్లుడు గుర్తొస్తాడు. బాదం పప్పు, జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, వేటమాంసం ఖీమా పెడతారు. పొద్దున్నే ఈత కొట్టిస్తారు. ఒంటికి కాపడం పెడతారు. ఇన్ని సేవలూ అయ్యాక భోగి నాడు కాలికి కత్తి కడతారు.

ఆ కత్తి కట్టడం ఓ పండక్కి దగ్గర్నుంచి చూశాను. పుంజును ఒకాయన చంకలో ఇరికించుకున్నాడు. రెండో ఆయన దాని కాలికి గుడ్డపీలిక చుట్టి, వేలెడంత కత్తిని ఆనించి, దారంతో బిగించుకుంటూ వచ్చాడు. ఆఖరి ముడి పళ్లతో లాగాడు. పుంజు కిమ్మనలేదు. నెలల తరబడి నిమిరిన చేతులే కదా అనుకుందేమో. పందెం రెండు నిమిషాలు కూడా సాగలేదు.

నేను చూసింది కోళ్లనే కాదు, ముందు వరస సోఫాలను కూడా. అక్కడ కూర్చున్న పెద్దమనుషుల ఫొటోలే గుడారం మీది ఫ్లెక్సీల్లోనూ నవ్వుతున్నాయి. ఏటా ఇదే తంతు. సంక్రాంతి ముందు పోలీసులు కత్తులు స్వాధీనం చేసుకుని ఫొటోలు దిగుతారు. బరులు దున్నేస్తారు. భోగి మధ్యాహ్నానికి అంతా సర్దుకుంటుంది. పందేలు జరగకుండా చూడాలని 2016 డిసెంబరులో అప్పటి ఉమ్మడి హైకోర్టు గట్టిగానే చెప్పింది. పండగ గట్టిగానే జరిగింది.

జంతువుల చేత పోట్లాట పెట్టించడం నేరమని మన చట్టం చెబుతోంది. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే పాతిక నుంచి వంద, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లక్షల పందెం నడిచే బరి బయట పార్కింగ్ కుర్రాడు అంతకన్నా ఎక్కువే వసూలు చేస్తాడు.

ఈ పది రూపాయల చట్టం వెనక ఒక నర్తకి ఉంది.

మద్రాసు నుంచి వచ్చిన మాట

రుక్మిణీదేవి అరండేల్ అనగానే మనకు భరతనాట్యం, కళాక్షేత్ర గుర్తొస్తాయి. 1904లో మధురైలో పుట్టారు. పరువుగల ఇంటి ఆడపిల్ల గజ్జె కట్టడమేమిటని లోకం ముక్కున వేలేసుకుంటున్న రోజుల్లో, 1935లో అడయారు దివ్యజ్ఞాన సమాజంలో వేదికెక్కారు. మరుసటి ఏడాది కళాక్షేత్ర పెట్టారు. 1952లో ఆమెను రాజ్యసభకు నామినేట్ చేశారు. కళాకారుల కోటాలో వచ్చిన సభ్యురాలు సంగీత నాటకాల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చుంటుందని అనుకుని ఉంటారు. ఆమె జంతువుల గురించి బిల్లు పట్టుకొచ్చారు.

అప్పటికి ఉన్నది 1890 నాటి తెల్లవాళ్ల చట్టం. అది చాలదని ఆమె వాదన. 1954లో రాజ్యసభలో ప్రైవేటు సభ్యురాలిగా తన బిల్లు మీద మాట్లాడారు. వినడం తేలిక, ఒప్పుకోవడం కష్టం అయిన మాటలు. ఎద్దుబండి మీద ఎంత బరువు, కబేళాకు తోలుకెళ్లే దారిలో ఏం జరుగుతోంది, ప్రయోగశాలలో కుక్కనూ కోతినీ ఏం చేస్తున్నారు? వీటిలో మూడోది గవర్నమెంటుకు మింగుడుపడలేదు. వైద్య పరిశోధన ఆగిపోతుందని భయం. నెహ్రూ స్వయంగా లేచి, ఉద్దేశం మంచిదే, ప్రభుత్వమే కమిటీ వేసి సమగ్రమైన బిల్లు తెస్తుంది, మీది వెనక్కి తీసుకోండి అని కోరారు. ఆమె తీసుకున్నారు.

ఇలా వెనక్కి తీసుకున్న బిల్లులు సాధారణంగా తిరిగి రావు. స్వతంత్రం వచ్చాక ఇప్పటిదాకా చట్టమైన ప్రైవేటు బిల్లులు పద్నాలుగే. 1970 తర్వాత ఒక్కటీ లేదు. కానీ ఈ బిల్లు వేరే రూపంలో తిరిగొచ్చింది. ఆరేళ్లు పట్టింది. 1960 డిసెంబరులో చట్టమైంది. 1962లో జంతు సంక్షేమ బోర్డు మద్రాసులో వెలిసింది, మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఒక ప్రసంగం చేసి చప్పట్లు కొట్టించుకుని ఇంటికెళ్లిపోయి ఉంటే ఈ ఆరేళ్ల సంగతి మనకు తెలిసేది కాదు. ఆమె వదల్లేదు.

వచ్చిన చట్టం ఆమె అడిగిన చట్టం కాదు. మతాచారం ప్రకారం జంతువును చంపితే నేరం కాదని 28వ సెక్షన్ మినహాయించింది. శాస్త్ర ప్రయోగాలను 14వ సెక్షన్ ఒప్పుకుంది. వీధికుక్కలను గదిలో పెట్టి చంపడమూ ఆ చట్టం ప్రకారం నేరం కాదు. ఎంత అడిగితే ఎంత దొరికింది అని లెక్కవేసుకునే వాళ్లయితే అక్కడే నీరుగారిపోయేవాళ్లు. ఆవిడ బోర్డు కుర్చీలో కూర్చుని పని మొదలుపెట్టారు.

ఇంకో ముచ్చట. 1977లో మొరార్జీ దేశాయ్ ఆమెను రాష్ట్రపతి పదవికి నిలబడమని అడిగారు. ఆమె వద్దన్నారు. ఆ పదవి చివరికి మన నీలం సంజీవరెడ్డికి ఏకగ్రీవంగా దక్కింది. ఆ మొరార్జీ ప్రభుత్వమే 1978లో కోతుల ఎగుమతిని ఆపేసింది. అప్పటిదాకా మన అడవుల్లో పట్టిన కోతులు వేల సంఖ్యలో అమెరికా ప్రయోగశాలలకు వెళ్లేవి. రాష్ట్రపతి భవనం కన్నా కోతుల ఎగుమతి నిషేధం ఆమెకు ఎక్కువ సంతోషం కలిగించి ఉంటుందని నా ఊహ.

కళాక్షేత్ర నుంచి జూబ్లీహిల్స్‌కు

రుక్మిణీదేవి 1986లో పోయారు. అదే ఏడాది కళాక్షేత్రలో చదివిన ఓ అమ్మాయి తమిళ సినిమాలో కథానాయిక అయింది. బెంగాలీ తండ్రి, ఐరిష్ తల్లి. తెలుగువాళ్లకు ఆ అమ్మాయి 1989లో ‘శివ’తో ఇంటి మనిషయింది. అమల. 1992లో నాగార్జునను పెళ్లాడారు. అదే సంవత్సరం హైదరాబాద్ బ్లూ క్రాస్ పెట్టారు. తర్వాత రెండు దశాబ్దాల పాటు తెలుగు తెరకు దూరంగా ఉండి, 2012లో శేఖర్ కమ్ముల ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’తో మళ్లీ కనిపించారు. సినిమా తార అంటే తెర మీద ఉండాలి, లేదంటే జనం మరిచిపోతారు. ఈవిడను మాత్రం ఆ మధ్యకాలంలో నగరం గుర్తుపెట్టుకున్నది బండి కింద పడ్డ కుక్క కోసం ఫోను చేయాల్సి వచ్చినప్పుడు.

బ్లూ క్రాస్ అన్న పేరు మద్రాసుదే. అక్కడ పైలట్ కెప్టెన్ వి. సుందరం కుటుంబం మొదలుపెట్టిన సంస్థ అది. 1964లోనే వాళ్లో మాట అన్నారు. మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాలుగా కుక్కల్ని చంపుతూనే ఉంది, అయినా కుక్కలు తగ్గలేదు, కాబట్టి చంపడం మాని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేద్దాం అని. వినేవాళ్లకు వేళాకోళంగా తోచింది. మనుషుల కుటుంబ నియంత్రణే ఇంకా ఊపందుకోని రోజులవి. కార్పొరేషన్ ఆ దారికి రావడానికి 1996 దాకా పట్టింది. 2001లో అదే పద్ధతి కేంద్రం నియమాల్లోకెక్కింది, 2023లో కొత్త నియమాలొచ్చాయి.

కాగితం మీద ‘జనన నియంత్రణ’ అని రాసేది వీధిలో ఎలా జరుగుతుందో చెబుతాను. తెల్లవారకముందే వల, బోను ఉన్న వ్యాను వస్తుంది. వల విసిరేవాడి భుజం ఒకటే కదలాలి, అడుగు చప్పుడైతే కుక్కలన్నీ మాయం. పట్టిన చోటు రాసుకుంటారు. ఆ రాత్రి పస్తు. మర్నాడు మత్తిచ్చి, ఆడదైతే పొట్ట దగ్గర చిన్న గాటుతో గర్భాశయం తీసేస్తారు. మత్తులో ఉండగానే చెవి కొస కత్తిరిస్తారు, రేబిస్ టీకా వేస్తారు. కుట్లు మానేదాకా నాలుగైదు రోజులు ఉంచుకుని, తెచ్చిన చోటే, ఆ స్తంభం దగ్గరే వదిలిపెడతారు. మా వీధివాళ్లకు ఒళ్లు మండేది ఇక్కడే. పట్టుకుపోయింది మళ్లీ తెచ్చి వదలడానికా? సమాధానం చెప్పడం తేలికే, నమ్మించడమే కష్టం. తిండి ఉన్న చోటు ఖాళీగా ఉండదు. మన కుక్కను తీసేస్తే పక్క వీధి కుక్క వస్తుంది. దానికి ఆపరేషనూ అయి ఉండదు, టీకా కూడా పడి ఉండదు.

అయితే ఈ లెక్క తేలాలంటే ఊళ్లో కుక్కల్లో ఎక్కువ భాగానికి, తక్కువ కాలంలో ఆపరేషన్లు కావాలి. పదింటికి చేసి పాతిక వదిలేస్తే ఏడాది తిరిగేసరికి లెక్క మొదటికొస్తుంది. మన నగరాల్లో జరిగింది చాలావరకు ఇదే. డబ్బు తక్కువ, డాక్టర్లు తక్కువ, చెత్త మాత్రం ఎక్కువ.

ఆ ఆదివారం

2023 ఫిబ్రవరి 19. అంబర్‌పేటలో వాచ్‌మన్‌గా పనిచేసే తండ్రి వెంట వచ్చిన నాలుగేళ్ల పిల్లవాడు ఆడుకుంటున్నాడు. కుక్కలు చుట్టుముట్టాయి. పిల్లవాడు బతకలేదు. ఆ సీసీటీవీ దృశ్యాన్ని దేశమంతా చూసింది. నేను పూర్తిగా చూడలేకపోయాను.

ఆ వారంలో జంతుప్రేమికుడన్న మాట తిట్టయింది. వీధి జంతువుల గురించి ఏళ్లుగా మాట్లాడే యాంకర్ రష్మి గౌతమ్‌ను సోషల్ మీడియాలో ఎన్ని మాటలన్నారో లెక్కలేదు. ఆ మాటల్లో చాలావాటిని సమర్థించలేం. కానీ ఆ కోపంలో ఉన్న ఒక్క ప్రశ్నను పక్కన పెట్టలేం. కుక్కల తరఫున మాట్లాడేవాళ్లు ఎక్కువగా గేటుకు లోపల ఉంటారు, కరిపించుకునేవాళ్లు గేటుకు బయట ఉంటారు. తెల్లారి పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, రెండో ఆట అయ్యాక నడిచి వెళ్లే కూలీ, చెత్త ఏరుకునే ఆవిడ. వాళ్ల పిక్కల గురించి ఎవరు మాట్లాడాలి? ఆ రోజు జంతువుల తరఫువాళ్లలో ఎక్కువమంది కుక్కను వెనకేసుకురావడంలోనే తలమునకలయ్యారు. పిల్లవాడి ఇంటి గుమ్మంలో ముందు నిలబడి, ఆపరేషన్ల లెక్క ఎందుకు తప్పిందని కార్పొరేషన్‌ను ఆ తర్వాత నిలదీసి ఉంటే వాళ్ల మాటకు బరువు పెరిగేది.

ఏడాది తిరక్కుండానే రెండో కొస చూశాం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రివేళ తుపాకీతో దాదాపు 20 వీధికుక్కల్ని కాల్చి చంపారు. పొద్దున ఊరు లేచేసరికి ఎక్కడివక్కడ పడి ఉన్నాయి.

ఇక 2025 ఆగస్టు. ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలన్నింటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలని సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం 11న చెప్పింది. ముంబయి నుంచి హైదరాబాద్ దాకా తారలందరి ఫోన్లూ మోగాయి. పోస్టులు, కన్నీళ్ల వీడియోలు, సంతకాలు. 22న ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. ఆపరేషనూ టీకా అయిన వాటిని తెచ్చిన చోటే వదలండి, రేబిస్ సోకినవాటినీ మీదపడి కరిచేవాటినీ వదలొద్దు, ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దు, దానికి చోట్లు చూపించండి అంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేయాలనీ, మళ్లీ అక్కడ వదలొద్దనీ చెప్పింది.

ఆగస్టు ఉత్తర్వులో ఒక పేరా చాలామంది దాటేశారు. కోర్టుకొచ్చిన కుక్కల ప్రేమికులు ఒక్కొక్కరు 25 వేలు, సంస్థలు రెండేసి లక్షలు కట్టాలన్నారు. ఆ డబ్బు కుక్కల వసతులకే వాడతారట. పుంజు కాలికి కత్తి కట్టినవాడికి పది రూపాయలు, కుక్క తరఫున కోర్టు మెట్లెక్కినవాడికి పాతిక వేలు. జడ్జీల ఉద్దేశం నాకు అర్థమైంది, మాటకు చేత తోడవ్వాలని. అయినా ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వొచ్చింది.

లేని జింక, ఉన్న జింక

మాట తేలికైపోవడంలో ఉన్న ప్రమాదాన్ని మనం 2025 వసంతంలో చూశాం. హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల పచ్చదనం మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు పక్కనున్న యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడ్డారు. రాత్రిపూట నెమళ్ల అరుపులు రికార్డు చేసి పంచారు. సినిమావాళ్లు చాలామంది గొంతు కలిపారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని పనులు ఆపించింది. ఈలోగా ఎవరో కృత్రిమ మేధతో బొమ్మలు చేశారు. బుల్డోజర్ ముందు జింకలు, నెమళ్లు. చూడ్డానికి కడుపు తరుక్కుపోయేలా ఉన్నాయి, నిజం కావు. అలాంటి ఒక బొమ్మను మళ్లీ పంచినందుకు అప్పటి పర్యాటక శాఖ ఉన్నతాధికారి స్మితా సభర్వాల్‌కే పోలీసులు నోటీసు ఇచ్చారు. ఆ అడవిలో జింకలు లేవా అంటే ఉన్నాయి. నెమళ్లు లేవా అంటే ఉన్నాయి. లేని బొమ్మ పుణ్యమా అని ఉన్నవాటి గురించి మాట్లాడాల్సిన రోజులు బొమ్మ గురించి వాదించుకోవడంతో గడిచిపోయాయి.

ప్రపంచంలో జంతువుల తరఫున మాట్లాడిన తారల్లో అందరికన్నా పెద్ద పేరు బ్రిజిట్ బార్డోది. 1973లో, నలభై నిండకుండానే నటన మానేసింది. 1977లో కెనడా మంచు మీదికి వెళ్లి సీల్ పిల్లల వేటకు ఎదురు నిలిచింది. 1986లో పెట్టిన సంస్థ కోసం ఆ తర్వాత నగలూ నట్రా వేలం వేసింది. 1983లో యూరప్ సీల్ పిల్లల తోళ్ల దిగుమతిని ఆపింది. అదే బార్డోకు జాతి విద్వేషం రెచ్చగొట్టినందుకు ఫ్రెంచి కోర్టులు పలుమార్లు జరిమానా వేశాయి. 2025 డిసెంబరులో పోయినప్పుడు నివాళులు రాసినవాళ్లలో కొందరు ఈ రెండిట్లో ఒకటి రాసి రెండోది మింగేశారు. మూగజీవి మీద జాలి ఉన్నంత మాత్రాన తోటిమనిషి మీద కూడా ఉంటుందని ఎవరూ పూచీ పడలేరు. జీవకారుణ్యం పేరు చెప్పి మనిషిని కొట్టడం మన దేశంలోనూ చూస్తున్నాం, విడమరిచి చెప్పక్కర్లేదు.

సినిమావాళ్ల సొంత ఇంట్లో వచ్చిన మార్పు ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. ‘అడవి రాముడు’ రోజుల్లో ఏనుగులు కావాలంటే ముదుమలై వెళ్లి నిజం ఏనుగులతో తీశారు. ఇప్పుడు ‘ఆర్ఆర్ఆర్’లో విరామం ముందు లారీలోంచి దూకే పులీ, చిరుతా, దుప్పులూ అన్నీ కంప్యూటర్‌లో పుట్టినవే. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఇకపై ఆడించే జంతువులు కావని కేంద్రం 1998లో ప్రకటించింది. సర్కస్ యజమానులు కోర్టుకెళ్లి 2001లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. అదే ఏడాది వచ్చిన నియమాలతో సినిమాలో జంతువు కనిపించాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి తప్పనిసరైంది. జంతువులకు హాని జరగలేదని సినిమా మొదట్లో వచ్చే ఆ ఒక్క లైను మనం పాప్‌కార్న్ తింటూ చదవం. దాని వెనకున్న కాగితాల కట్ట ఎంత లావో తెలియాలంటే ఏ ప్రొడక్షన్ మేనేజర్నైనా అడగండి, బూతులతో సహా చెబుతాడు.

పది రూపాయల జరిమానా మార్చాలని ‘నో మోర్ 50’ అంటూ ఉద్యమం నడిచింది. తారలు కూడా గొంతు కలిపారు. 2022లో కేంద్రం సవరణ ముసాయిదా బయటపెట్టి జనం అభిప్రాయాలు అడిగింది. బిల్లు ఇంకా చట్టం కాలేదు. రుక్మిణీదేవికి ఆరేళ్లు పట్టింది, ఇప్పుడు అంతకాలం ఢిల్లీలో ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఏ తారకుంది?

ఓపిక మాట అలా ఉంచండి, మాట్లాడితే నష్టం వచ్చే చోటొకటి ఉంది. అక్కడ అందరూ మౌనమే. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరసలో ఉండేది ఆంధ్ర. గుడ్ల కోడి జీవితమంతా తీగెల బోనులోనే. దానికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్క చాపలేదు. లా కమిషన్ 2017లో తన 269వ నివేదికను ఈ బోన్ల మీదే రాసింది. పందెం పుంజుకు బాదంపప్పూ ఈతా ఉన్నాయి, చావు రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఫారం పెట్టకు అదీ లేదు. అయినా కుక్క కోసం ఏడ్చిన తార ఎవరూ ఈ పెట్ట కోసం వీడియో పెట్టగా నేను చూడలేదు. చికెన్ ప్రకటనలో నవ్వినవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లననడానికి నాకు మాత్రం ఏం హక్కుంది? వారానికోసారి సంచీ పట్టుకుని నేనూ లైన్లో నిలబడతాను.

పోయిన ఆదివారం కూడా నిలబడ్డాను. మా వీధి చివర షాపులో బోను మీద బోను. నలభై రోజుల కోళ్లు, తెల్లటి ఈకలు పసుపు రంగుకు తిరిగి, ఒకదాని మీద ఒకటి. షాపతను చెయ్యి లోపలికి పెట్టినప్పుడల్లా అన్నీ ఒక మూలకు ఒదుగుతున్నాయి. నా ముందున్నావిడ స్కిన్‌లెస్ అడుగుతోంది. ఎదురుగా రోడ్డు మీద ఒక గోధుమరంగు కుక్క బుద్ధిగా కూర్చుని ఉంది, ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది. మొరగడం లేదు, ఎవరి మీదికీ పోవడం లేదు. షాపతను పేగులు గుప్పెడు తీసి, చూడకుండానే అటు విసిరాడు. అది గాల్లోనే అందుకుంది.

“కేజీనా, కేజీన్నరా సార్?” అన్నాడు నా వైపు తిరిగి.